సమాకలనాన్ని ఎక్కడ, ఎలా వాడాలి? జ్యామితి, భౌతికశాస్త్రాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ రెండో సంవత్సరంలో గణితం 2బి పూర్తిచేసినవాళ్ళకు సమాకలనం చేయడం వస్తుంది. ప్రతిక్షేపణ, విభాగ సమాకలనం, పాక్షిక భిన్నాలు అన్నీ చేతికి అలవాటైపోతాయి. ఇబ్బంది వేరే చోట మొదలవుతుంది. ఓ ఆనకట్ట బొమ్మో, తిరిగే చక్రమో చూపించి "దీనికి సమాకలని రాయండి" అంటే కలం కదలదు. ఈ పేజీ ఆ చోటు కోసమే. సమాకలని ఎలా పుడుతుందన్నదే ఇక్కడి విషయం, దాన్ని సాధించే కిటుకులు పాఠ్యపుస్తకంలో ఎలాగూ ఉన్నాయి. చలరాశులను ఎక్స్, వై అని, వాటిలోని చిన్న ముక్కలను డీఎక్స్, డీవై అని, వ్యాసార్ధాన్ని ఆర్ అని, ఎత్తును హెచ్ అని రాశాను.

సమాకలనం అంటే వక్రం కింద వైశాల్యమే కదా? భౌతికశాస్త్రంలో దానికేం పని?

వైశాల్యం దాని ఉపయోగాల్లో ఒకటి, అంతే. గుణకారం పనిచేయని చోట గుణకారం బదులు వాడేదే సమాకలనం అనుకుంటే దారి తేలికవుతుంది. పని అంటే బలం × దూరం. బలం మారకుండా ఉన్నంతవరకు ఈ సూత్రం చాలు. స్ప్రింగును లాగుతున్నప్పుడు సాగేకొద్దీ బలం పెరుగుతుంది. మరి ఏ బలంతో గుణించాలి? మొదటి దానితోనా, చివరి దానితోనా? రెండూ తప్పే. దూరాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో బలం మారనట్టే తీసుకుని, గుణించి, అన్నిటినీ కూడతాం. ముక్కలను ఇంకా ఇంకా చిన్నవి చేస్తూ పోతే ఆ మొత్తం ఏ విలువను చేరుతుందో అదే నిశ్చిత సమాకలని. స్ప్రింగు విషయంలో అది (1/2) × స్ప్రింగు స్థిరాంకం × సాగిన పొడవు². సగం ఎందుకొచ్చిందని అడిగేవాళ్ళకు జవాబు కూడా ఇందులోనే ఉంది. బలం సున్నా నుంచి సమానంగా పెరిగింది కాబట్టి సగటున చివరి బలంలో సగమే పనిచేసింది.

ముక్క ఎలా కోయాలో ఎలా తెలుస్తుంది?

నా దృష్టిలో అసలు పాఠం ఇదే. మిగతాదంతా లెక్క. ఒక ముక్క లోపల, మీ సూత్రాన్ని ఇబ్బంది పెడుతున్న రాశి దాదాపు మారకుండా ఉండాలి. గుర్తుపెట్టుకోవాల్సిన షరతు ఇదొక్కటే.

పళ్ళెం లాంటి చదునైన చక్రం ఉంది. దాని జడత్వ భ్రామకం, అంటే తిప్పబోతే అది ఎంత మొరాయిస్తుందో చెప్పే రాశి, కావాలి. ఇక్కడ ఇబ్బంది పెట్టేది అక్షం నుంచి దూరం, ఎందుకంటే ప్రతి కణానికీ అది వేరు. ఏ ఆకారంలో కోస్తే ముక్క అంతటా ఆ దూరం ఒకటే ఉంటుంది? సన్నని వలయంగా కోస్తే. అదే చక్రాన్ని నిలువు పట్టీలుగా కోస్తే లెక్క అసాధ్యం కాదు గానీ, ప్రతి పట్టీలోనూ దూరం మారుతూ ఉంటుంది కాబట్టి పని రెట్టింపవుతుంది. నీటి పీడనమైతే ఇబ్బంది పెట్టేది లోతు, కాబట్టి అడ్డంగా కోయాలి. శంకువు ఘనపరిమాణానికైతే అడ్డుకోత వైశాల్యం మారుతోంది, కాబట్టి అక్షానికి లంబంగా పలకలు తీయాలి.

ముక్క దొరికాక ఒక్క ముక్క విలువను మాటల్లో రాయండి. ఆ తర్వాత సంకేతాల్లో రాయండి. ప్రమాణాలు సరిచూడండి. హద్దులు వేయడం చివరి పని. చాలామంది ముందు ∫ గుర్తు వేసి, తర్వాత లోపల ఏం రాయాలా అని వెతుకుతారు. ఆ అలవాటు మానుకుంటే సగం తప్పులు పోతాయి.

శంకువు ఘనపరిమాణంలో 1/3 ఎక్కడి నుంచి వచ్చింది?

తొమ్మిదో తరగతిలో మూడు శంకువుల నీళ్ళు ఒక స్థూపాన్ని నింపుతాయని చూపిస్తారు. అది నిజమని నమ్మడానికి చాలు, ఎందుకు నిజమో తెలియడానికి చాలదు.

శీర్షం నుంచి ఎక్స్ దూరంలో పలక వ్యాసార్ధం, ఎక్స్‌కు అనులోమానుపాతంలో ఆర్ × ఎక్స్ / హెచ్. పలక వైశాల్యం దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఎక్స్² ను సున్నా నుంచి హెచ్ వరకు సమాకలనం చేస్తే హెచ్³/3. అందుకే ఘనపరిమాణం (1/3) π ఆర్² హెచ్. ఆ మూడు వర్గాన్ని సమాకలనం చేయడం వల్ల వచ్చింది, దానికీ గుండ్రని ఆకారానికీ సంబంధం లేదు. చతురస్రపు అడుగున్న పిరమిడ్‌కూ, త్రిభుజపు అడుగున్న పిరమిడ్‌కూ, ఒక పక్కకు ఒరిగిన శంకువుకూ అదే 1/3 వస్తుంది. అడుగు ఏ ఆకారంలో ఉన్నా, శీర్షం నుంచి దూరమయ్యేకొద్దీ అడ్డుకోత వర్గంలోనే పెరుగుతుంది.

ఘనపరిమాణానికి డీఎక్స్ సరిపోతుంది. ఉపరితల వైశాల్యానికి మాత్రం డీఎస్ ఎందుకు?

చాలా మంచి ప్రశ్న. పుస్తకాలు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి.

పరీక్షించి చూద్దాం. శంకువు పక్క ఉపరితలానికి, సన్నని పట్టీ చుట్టుకొలత 2π వై (వై ఆ పట్టీ వ్యాసార్ధం) తీసుకుని డీఎక్స్‌తో గుణించి సమాకలనం చేయండి. π ఆర్ హెచ్ వస్తుంది. సరైన జవాబు π × ఆర్ × ఏటవాలు ఎత్తు. తేడా ఎక్కడ వచ్చింది?

ఘనపరిమాణం లెక్కలో పలక అంచు నిట్టనిలువుగా ఉందని తీసుకున్నాం, నిజానికి అది వాలుగా ఉంది. వదిలేసిన భాగం ఓ సన్నని త్రిభుజపు చుట్టు. దాని మందం డీఎక్స్, వెడల్పు డీవై, అంటే రెండు చిన్న రాశుల లబ్ధం. పలకలను సన్నం చేసేకొద్దీ ఇలాంటి లోపాలన్నీ కలిపినా సున్నాకే చేరతాయి. ఉపరితలం విషయంలో మనం కొలిచేదే ఆ అంచును. వాలు అంచు పొడవుకూ (డీఎస్ అంటే ఇదే) డీఎక్స్‌కూ ఉన్న నిష్పత్తి ముక్కను ఎంత చిన్నది చేసినా మారదు. ప్రతి ముక్కలోనూ అదే శాతం తప్పు ఉంటే మొత్తంలోనూ అదే శాతం తప్పు మిగులుతుంది.

మెట్ల బొమ్మ గీసి చూడండి. భుజం 1 ఉన్న చతురస్రంలో కర్ణం వెంబడి మెట్లు గీస్తే, మెట్లు ఎంత చిన్నవైనా వాటి మొత్తం పొడవు 2. కర్ణం పొడవు √2. కంటికి మెట్లు కర్ణంలో కలిసిపోయినట్టే కనిపిస్తాయి. వాటి కింది వైశాల్యం నిజంగానే కర్ణం కింది వైశాల్యానికి చేరుతుంది. పొడవు మాత్రం ఎప్పటికీ చేరదు.

గోళం ఘనపరిమాణాన్ని అవకలనం చేస్తే ఉపరితల వైశాల్యం వస్తుంది. సమఘనానికి ఎందుకు రాదు?

గోళం ఉల్లిపాయలాగా పొరలు పొరలుగా పెరుగుతుంది. వ్యాసార్ధం కొంచెం పెరిగితే అదనంగా చేరిన పొర ఘనపరిమాణం, ఉపరితలం × పొర మందం. అందుకే (4/3) π ఆర్³ అవకలజం 4π ఆర్².

సమఘనంలో భుజం పొడవును చలరాశిగా తీసుకుంటే భుజం³ అవకలజం 3 భుజం², కావలసింది 6 భుజం². భుజం డీఎక్స్ పెరిగితే, కేంద్రం కదలకుండా ఉన్నప్పుడు, ప్రతి ముఖం బయటికి జరిగేది డీఎక్స్‌లో సగమే. కాబట్టి కేంద్రం నుంచి ముఖానికి ఉన్న దూరాన్ని చలరాశిగా తీసుకోండి. దాన్ని హెచ్ అంటే ఘనపరిమాణం 8 హెచ్³, అవకలజం 24 హెచ్². ఆరు ముఖాలు, ఒక్కోటి 4 హెచ్², సరిగ్గా అంతే.

ఇదంతా న్యూటన్, లైబ్నిజ్‌లతోనే మొదలైందా?

లేదు. ముక్కలు చేసి కూడటం చాలా పాతది. క్రీ.పూ. మూడో శతాబ్దంలో ఆర్కిమెడీస్, పరావలయాన్ని ఒక జ్యా కోసినప్పుడు ఏర్పడే ఖండం వైశాల్యం, అందులో అదే జ్యా మీద నిలిపిన త్రిభుజానికి 4/3 రెట్లని నిరూపించాడు. ఆ త్రిభుజం మూడో శీర్షం, వక్రం మీద జ్యాకు అత్యంత దూరంలో ఉన్న బిందువు. మన దేశంలో 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడు గోళాన్ని, కేంద్రం దగ్గర మొనలు కలిసే సన్నని పిరమిడ్లుగా ఊహించాడు. ఒక్కో పిరమిడ్ ఘనపరిమాణం అడుగు × ఎత్తు / 3. అడుగులన్నీ కలిస్తే గోళం ఉపరితలం, ఎత్తు వ్యాసార్ధం. ఇంతకంటే అందమైన నిరూపణ నాకు తెలియదు. కేరళలో గణితవేత్త మాధవుని శిష్యపరంపర వారు 14–16 శతాబ్దాల్లో ఘాతాల మొత్తాల నుంచి అవధులు తీసి, π/4 = 1 − 1/3 + 1/5 − 1/7 + … అనే శ్రేణిని సాధించారు. ఈ రోజు భాషలో అది 1/(1 + ఎక్స్²) ను 0 నుంచి 1 వరకు సమాకలనం చేయడమే.

న్యూటన్, లైబ్నిజ్ చేసిన పెద్ద పని వేరు. కూడటమూ మార్పు రేటు కనుక్కోవడమూ ఒకదానికొకటి విలోమ ప్రక్రియలన్న సంగతిని ఏ వక్రానికైనా వర్తించే సాధారణ పద్ధతిగా మార్చారు. అంతకుముందు ప్రతి ఆకారానికీ కొత్త ఉపాయం కనిపెట్టాల్సి వచ్చేది.

పరావలయాల మధ్య వైశాల్యం లెక్కలో జవాబు సరైనదో కాదో చూసుకోవడం ఎలా?

వై² = 4ఎ ఎక్స్, ఎక్స్² = 4ఎ వై అనే పరావలయాల మధ్య వైశాల్యం 16ఎ²/3. పరీక్షల్లో ఎన్నిసార్లు వచ్చిందో చెప్పక్కర్లేదు. అవి మూలబిందువు దగ్గర, (4ఎ, 4ఎ) దగ్గర కలుస్తాయి. ఆ రెండు బిందువులను ఎదురెదురు మూలలుగా చేసి చతురస్రం గీస్తే వైశాల్యం 16ఎ². అంటే రెండు వక్రాలూ కలిసి ఆ చతురస్రాన్ని సరిగ్గా మూడు సమాన భాగాలు చేశాయి!

నాభిలంబం కోసిన భాగానికీ సరిచూపు ఉంది. శీర్షం, నాభిలంబం కొనలు కలిపిన త్రిభుజం వైశాల్యం 2ఎ². ఆర్కిమెడీస్ చెప్పినట్టు 4/3 తో గుణిస్తే 8ఎ²/3. సమాకలనం చేసినా అదే.

జవాబు సున్నా వచ్చింది, లేదా రుణసంఖ్య వచ్చింది. తప్పు చేశానా?

ఏం అడిగారో చూడండి. వేగం టీ² − 4టీ + 3 అనుకుందాం, కాలం టీ 0 నుంచి 3 సెకన్లు. నేరుగా సమాకలనం చేస్తే సున్నా. అది స్థానభ్రంశం, అంటే వస్తువు బయల్దేరిన చోటికే వచ్చింది. ప్రయాణించిన దూరం కావాలంటే వేగం గుర్తు మారే 1వ సెకను దగ్గర విడగొట్టాలి. ముందుకు 4/3, వెనక్కి 4/3, మొత్తం 8/3 మీటర్లు. రెండూ సరైన జవాబులే, ప్రశ్నలు వేరు.

ఆనకట్ట మీద నీటి బలం లెక్క ఎలా కట్టాలి?

దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే ఇందులో జ్యామితి, భౌతికశాస్త్రం, ఇంజినీరింగ్ మూడూ కలుస్తాయి.

నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట గరిష్ఠ ఎత్తు సుమారు 124 మీటర్లు. లెక్క తేలికగా ఉండటానికి గోడకు ఆనుకుని 100 మీటర్ల లోతు నీరు ఉందనుకుందాం. ఒక మీటరు వెడల్పు గోడను మాత్రమే తీసుకుందాం. పైనుంచి వై మీటర్ల లోతులో నీటి పీడనం 9,800 × వై పాస్కల్. అక్కడ డీవై ఎత్తున్న అడ్డపట్టీ మీద బలం 9,800 × వై × డీవై. 0 నుంచి 100 వరకు కూడితే 4.9 కోట్ల న్యూటన్లు. ఒక్క మీటరు వెడల్పు గోడను దాదాపు 5,000 టన్నుల బరువంత బలం నెడుతోంది.

ఈ లెక్కలో ఎక్కడా జలాశయం పొడవు రాలేదని గమనించారా? నీళ్ళు వెనక అర కిలోమీటరు ఉన్నా, వంద కిలోమీటర్లు ఉన్నా, గోడ దగ్గర లోతు ఒకటే అయితే బలం ఒకటే. నమ్మబుద్ధి కాదు గానీ, పీడనం లోతును బట్టి తప్ప మరిదేన్ని బట్టీ మారడం లేదు కదా.

బలం లోతు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లోతు సగమైతే బలం నాలుగో వంతు. గోడను బోర్లా తోసే ప్రయత్నం ఇంకా తీవ్రంగా పెరుగుతుంది. ఒక్కో పట్టీ బలాన్ని అడుగు నుంచి దాని ఎత్తుతో గుణించి కూడితే, మొత్తం బలమంతా అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో పనిచేస్తున్నట్టు తేలుతుంది. అంటే తోసే భ్రామకం లోతు ఘనాన్ని బట్టి పెరుగుతుంది, లోతు రెట్టింపైతే ఎనిమిదింతలు. సొంత బరువుతో నిలబడే ఆనకట్టలు అడుగున అంత వెడల్పుగా ఎందుకుంటాయో ఇక్కడ తెలుస్తుంది.

ఇక్కడో ఉచ్చు ఉంది. "సగం లోతులో ఉన్న పీడనం × గోడ వైశాల్యం" అని కొందరు సమాకలనం తప్పించుకుంటారు. దీర్ఘచతురస్రపు గోడకు అది సరైన జవాబే ఇస్తుంది. లోయ దీర్ఘచతురస్రం కాదు, కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. గోడ తలకిందులైన త్రిభుజం ఆకారంలో ఉందనుకుంటే ఆ అడ్డదారి నిజమైన బలానికి ఒకటిన్నర రెట్లు చూపిస్తుంది. ఎక్కువ వెడల్పు తక్కువ లోతులోనే ఉంది కాబట్టి. వెడల్పును కూడా లోతుకు ప్రమేయంగా రాసి సమాకలని లోపల పెట్టాలి. ఒకే గుణకారంతో ముగించాలంటే, సగం లోతు బదులు గోడ ఆకారపు కేంద్రాభం (ఏకరీతి పలక అయితే దాని ద్రవ్యరాశి కేంద్రం ఉండే బిందువు) ఉన్న లోతును తీసుకోండి. త్రిభుజానికి అది పైనుంచి మూడో వంతు.

పనికి ద్రవ్యరాశి × జి × ఎత్తు సూత్రం ఎంత ఎత్తు వరకు వాడొచ్చు?

గురుత్వ బలం మారనట్టు కనిపించినంతవరకు. భూమి కేంద్రం నుంచి దూర వర్గానికి విలోమంగా బలం తగ్గుతుందని తీసుకుని సమాకలనం చేస్తే, సరైన పని = పాత సూత్రం × ఆర్ / (ఆర్ + హెచ్), ఆర్ భూమి వ్యాసార్ధం, సుమారు 6,370 కిలోమీటర్లు. ఎత్తైన భవనానికి తేడా తెలియదు. 400 కిలోమీటర్ల ఎత్తుకు పాత సూత్రం 6 శాతం ఎక్కువ చూపుతుంది. భూస్థిర కక్ష్యకు, అంటే దాదాపు 35,800 కిలోమీటర్లకు, అసలు పనికి ఆరున్నర రెట్లకు పైగా చూపుతుంది.

పై హద్దును అనంతం చేస్తే అందమైన ఫలితం వస్తుంది. కిలోకు కావలసిన శక్తి జి × ఆర్, సుమారు 6.2 కోట్ల జౌళ్ళు. దూరం అనంతమైనా ఖర్చు పరిమితమే. దాన్ని గతిజశక్తికి సమానం చేస్తే పలాయన వేగం సెకనుకు 11.2 కిలోమీటర్లు. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3 ఈ వేగాన్ని అందుకుందా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. చంద్రుడు కూడా భూమి గురుత్వానికి లోబడే తిరుగుతున్నాడు. ఆ నౌక తన కక్ష్యను దఫదఫాలుగా పెంచుకుంటూ వెళ్ళింది.

జడత్వ భ్రామకాల పట్టిక బట్టీ పట్టాల్సిందేనా?

కొన్ని గుర్తుంచుకుంటే మంచిదే, అయితే ఒక్కసారైనా సొంతంగా రాబట్టండి. చదునైన చక్రానికి 1/2, నిండు గోళానికి 2/5, సన్నని వలయానికి 1, ఇవన్నీ ద్రవ్యరాశి × వ్యాసార్ధం² ముందు వచ్చే గుణకాలు. ద్రవ్యరాశి అక్షానికి ఎంత దూరంగా పరుచుకుందో గుణకం చెబుతుంది. వాలు మీద మూడింటినీ దొర్లిస్తే గోళం ముందు, వలయం చివర చేరతాయి. బరువు ఎంతైనా అంతే.

ఈ గుణకానికి ఒక గొప్ప ఉపయోగం ఉంది. భూమి మొత్తం ఒకే సాంద్రతతో ఉంటే గుణకం 0.4 ఉండాలి. కొలిస్తే సుమారు 0.33 వచ్చింది. అంటే బరువైన పదార్థం కేంద్రం వైపు చేరి ఉంది. చంద్రుడికి 0.393, దాదాపు ఏకరీతి గోళం. ఎవరూ చేరుకోలేని లోతుల్లో ఏముందో ఒక సమాకలని ఫలితంతో పోల్చి చెప్పగలుగుతున్నాం.

ద్రవ్యరాశి కేంద్రానికి దగ్గరి దారి ఉందా?

ఉంది. నాలుగో శతాబ్దపు అలెగ్జాండ్రియా గణితవేత్త పాపస్ సిద్ధాంతం. ఒక సమతల ఆకారాన్ని తనను కోయని అక్షం చుట్టూ తిప్పితే వచ్చే ఘనపరిమాణం = ఆకారం వైశాల్యం × దాని కేంద్రాభం తిరిగిన దూరం. అర్ధవృత్తాన్ని వ్యాసం చుట్టూ తిప్పితే గోళం వస్తుంది. (4/3) π ఆర్³ ను π ఆర్²/2 తో, 2π తో భాగిస్తే కేంద్రాభం ఎత్తు 4 ఆర్ / 3π. సమాకలనం ఒక్క గీత కూడా రాయలేదు. స్కూటర్ ట్యూబులో పట్టే గాలి ఘనపరిమాణానికీ ఇదే దారి.

ఇంట్లో కరెంటు 230 వోల్టులు అంటారు. అందులో సమాకలనం ఉందా?

ఉంది. వోల్టేజి సెకనుకు 50 సార్లు పైకీ కిందికీ ఊగుతుంది, గరిష్ఠం సుమారు 325 వోల్టులు. దాని సగటు సున్నా. వేడి పుట్టించే సామర్థ్యం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, సైన్ వర్గాన్ని ఒక ఆవృత్తి మీద సమాకలనం చేసి సగటు తీస్తే 1/2. అందుకే 325 ను √2 తో భాగిస్తే 230. నెలాఖరు బిల్లులో యూనిట్లు కూడా సామర్థ్యాన్ని కాలంతో సమాకలనం చేసినవే, మీటరు ఆ కూడిక చేస్తూనే ఉంటుంది.

సమాకలని ఎంత ప్రయత్నించినా రాకపోతే?

కొన్నిటికి మామూలు ప్రమేయాల్లో జవాబే ఉండదు. దీర్ఘవృత్తం వైశాల్యం π ఎ బి (ఎ, బి దాని అర్ధాక్షాలు), ఎంతో సులభం. దాని చుట్టుకొలతకు మాత్రం అలాంటి సూత్రం లేదు. రామానుజన్ 1914లో ఇచ్చిన ఉజ్జాయింపు π[3(ఎ + బి) − √((3ఎ + బి)(ఎ + 3బి))] మామూలు అవసరాలకు ధారాళంగా సరిపోతుంది.

ఘనపరిమాణాలకైతే కెప్లర్ పీపాల సూత్రం నేర్చుకోండి. ద్రాక్షసారా పీపాల్లో ఎంత పడుతుందో కొలిచే పద్ధతి మీద అసంతృప్తితో ఆయన 1615లో ఈ విషయం రాశాడు. అడుగు వైశాల్యం, పై వైశాల్యం, మధ్య వైశాల్యానికి నాలుగు రెట్లు, మూడూ కలిపి, ఎత్తుతో గుణించి, 6 తో భాగించాలి. శంకువుకు వేస్తే మధ్య వైశాల్యం అడుగులో నాలుగో వంతు, కాబట్టి (1/3) π ఆర్² హెచ్ ఖచ్చితంగా వస్తుంది. గోళానికి వేస్తే రెండు కొనలూ సున్నా, మధ్య π ఆర్², ఎత్తు 2 ఆర్, జవాబు (4/3) π ఆర్³. అడ్డుకోత వైశాల్యం మూడో ఘాతం దాటని బహుపది అయితే ఇది ఉజ్జాయింపు కాదు, అసలు విలువే. మట్టి తవ్వకాల లెక్కల్లో సివిల్ ఇంజినీర్లు వాడే సింప్సన్ సూత్రం దీని కొనసాగింపే. ఇంట్లో ఉన్న కుండకు మూడు చోట్ల దారంతో చుట్టుకొలత తీసి, ఈ సూత్రం వేసి, తర్వాత లీటరు గిన్నెతో నీళ్ళు పోసి సరిచూడండి.